అప్‌డేట్: కూలింగ్ వాటర్ పైపులో బొబ్బలెక్కిన పూత

మిర్యాలగూడ దగ్గర మా ప్లాంటులో కూలింగ్ వాటర్ పైపు లోపలి ఎపాక్సీ పూత బొబ్బలెక్కుతోంది, పైన ఇంకో కోటు వేస్తే చాలా అని పోయిన నెల అడిగాను కదా. చాలదు.

షట్‌డౌన్‌లో లోపలికి దిగి (గ్యాస్ టెస్ట్ అయ్యాకే లెండి) ఒక బొబ్బను చాకు మొనతో చీల్చాను. నీళ్లు కారాయి, కింద ఇనుము నల్లగా ఉంది. మీలో ఒకరు అనుమానించినట్టు తేమే కారణం. అప్పట్లో తెల్లవారుజామున, పైపు చెమటపట్టి ఉండగానే పెయింట్ కొట్టేశారట.

ఈసారి గట్టి పూత తగిలేదాకా చెక్కించి, ఉప్పు పోయేలా కడిగించి, రేణువులను జోరుగా కొట్టి తుప్పు, పాత పెయింట్ దాదాపు పూర్తిగా పోయేలా (ఎస్‌ఏ 2.5 స్థాయి) బ్లాస్టింగ్ చేయించాం. ఉక్కు ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుంటేనే బ్రష్ పట్టనిచ్చాను. కాంట్రాక్టర్ విసుక్కున్నాడు, నేను తగ్గలేదు. ఆరాక స్పార్క్ టెస్టులో (పూతలో బెజ్జం ఉన్నచోట కరెంటు రవ్వ ఎగిరే పరీక్ష) వెల్డు అంచున రెండు సూదిబెజ్జాలు బయటపడ్డాయి, వాటినీ పూడ్చాం. నిన్న నీళ్లు వదిలాం. మీ అందరికీ చాలా థ్యాంక్స్.