తిప్పతీగ కషాయం రోజూ తాగొచ్చా? నాన్నకి ఎస్‌జీపీటీ పెరిగింది

పెరటితోట: అందరికీ నమస్కారం. కరోనా టైంలో మొదలెట్టిన తిప్పతీగ కషాయం మా నాన్న ఇప్పటికీ మానలేదండీ. పొద్దున్నే వేపచెట్టుకి పాకిన తీగలోంచి జానెడు ముక్క కోసి దంచి నీళ్ళు సగమయ్యేదాకా మరిగించి తాగుతారు, షుగర్ మాత్ర ఎలాగూ ఉంది. పోయిన వారం రక్త టెస్టుల్లో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 168 వచ్చింది, మందు అలవాటు కూడా లేదు. డాక్టర్ గారు కషాయం ఆపమంటే ఒప్పుకోవట్లేదు, ఇందులో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి, లివర్‌కే మంచిది అంటారు. ఏం చెప్పాలో అర్థం కావట్లేదు, భయంగా ఉంది.

ల్యాబ్‌కోటు: అన్నా, ముందు ఆపించు. నేను పీజీ ప్రాజెక్టులో ఈ యాంటీఆక్సిడెంట్ పనే చేశా. ఆకు నీడలో ఆరబెట్టి పొడి చేసి మిథనాల్‌లో నానబెట్టి తీసిన సారాన్ని డీపీపీహెచ్ అనే ద్రావణంలో వేస్తాం, అది ముదురు ఊదా రంగులో ఉంటుంది, సారం పడ్డాక మెల్లగా పసుపుకి తిరుగుతుంది, ఎంత తిరిగిందో 517 నానోమీటర్ల దగ్గర మిషన్‌లో చూస్తాం. ఎంత తక్కువ సారంతో సగం రంగు పోతే అంత పవర్ అని లెక్క. మొదటిసారి ఆ రంగు మారుతుంటే కళ్ళు తిప్పుకోలేకపోయా. కానీ ఆ ట్యూబులో పేగుల్లేవు, లివర్ లేదు. టీ డికాషన్ పోసినా ఆ రంగు పోతుంది. దాన్ని బట్టి మనిషికి మంచిదో చెడ్డదో చెప్పలేం.

నర్సక్క: నాన్నగారికి ఇది చెప్పు తమ్ముడూ. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు, అందులో ముందే లివర్ పాడై ఉన్న ఒకావిడ చనిపోయింది. తర్వాత 2022లో దేశంలో 13 ఆసుపత్రుల నుంచి 43 మంది కేసులు కలిపి ఇంకో రిపోర్టు వచ్చింది. చాలామందిలో ఒంట్లో రక్షణ వ్యవస్థే లివర్ మీద పడ్డట్టు కనిపించింది. తాగిన అందరికీ ఇలా అవుతుందని కాదు, కానీ ఎస్‌జీపీటీ పెరిగాక కూడా తాగడం మాత్రం వద్దు. పైగా షుగర్ మాత్రతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు.

మూలికలు: తిప్పతీగని నేనూ నమ్ముతా, అయినా అదే చెప్తా. మా తాత జ్వరానికి మూడు రోజులిచ్చేవాడు, ఏళ్ళ తరబడి ఎవరికీ ఇవ్వలేదు. అసలు తీగ అదేనా కాదా చూశారా? దీని పైపొర పల్చటి కాగితంలా ఊడొస్తుంది, గోటితో గీకితే లోపల పచ్చగా ఉంటుంది, అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లా గీతలు కనపడతాయి. కాండం నిండా బుడిపెలుంటే అది దీని చుట్టమే, వేరే జాతి.

పెరటితోట: ఇప్పుడే వెళ్ళి గీకి చూశా, పచ్చగానే ఉంది, బుడిపెలు లేవు. అంటే అసలు తిప్పతీగే తాగుతున్నారన్నమాట. నర్సక్క రాసింది నాన్నకి చదివి వినిపిస్తే రేపటి నుంచి మానేస్తా అన్నారు.

నర్సక్క: రేపటి నుంచి కాదు, ఇవాళ్టి నుంచే. హెపటైటిస్ బీ, సీ టెస్టులు కూడా చేయించు, ఎప్పటి నుంచి తాగుతున్నారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, ఆకుతో సహా తీగ ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళు. కళ్ళు పచ్చబడినా మూత్రం ముదురు రంగులో వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.