అప్‌డేట్: కుక్కల షెల్టర్ నిధుల కోత

విజయనగరం జిల్లాలోని మా పట్నంలో, వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి టీకాలు వేసే షెల్టర్‌కి నిధులు తగ్గిస్తారట, జనాన్ని ఎలా కూడగట్టాలని అడిగాను కదా. మీరన్నట్టే పిల్లల భద్రత గురించి ఇంటింటికీ చెప్పాం.

మా వీధిలో చేపలమ్మే అప్పకి కుక్కలంటే అసలు పడదు. ఆవిడే, చెవి కొస కత్తిరించిన కుక్కని చూపించి, "దీనికి ఆపరేషనూ టీకా అయిపోయాయి. మిగతావాటికీ చెయ్యాలి గానీ, ఆపేస్తారేటి?" అని అందరికంటే ముందు సంతకం పెట్టింది. ఎంత ధైర్యం వచ్చిందో!

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఈ ఆపరేషన్లు, టీకాల పని స్థానిక సంస్థల బాధ్యతేనని అర్జీలో రాశాం. సోమవారం కలెక్టరేట్‌లో, ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చాం. రసీదు ఇచ్చారు, నిర్ణయం ఇంకా రాలేదు. బడ్జెట్ ఖరారయ్యేలోపు మళ్లీ వెళ్తాం. దగ్గర్లో ఉన్నవాళ్లు తప్పకుండా రండి.