డేనిష్ టేకు సైడ్ టేబుల్: నల్ల మచ్చకి ఉప్పుకాగితం పట్టొచ్చా?

పాతటేకు: 1960ల నాటి డెన్మార్క్ సైడ్ టేబుల్, పైపలక 50×50 సెంటీమీటర్లు. అడుగున డేనిష్ ఫర్నిచర్‌మేకర్స్ కంట్రోల్ గుండ్రటి గుర్తుంది. పైన రెండు తెల్ల వలయాలు, ఇనప కుండీ పెట్టిన చోట ఒక నల్ల వలయం. ఒక కాలు కూడా ఊగుతోంది. 120 నంబరు ఉప్పుకాగితంతో మొత్తం రుద్దేసి నూనె పట్టించాలని ఆలోచన. సరైనదేనా?

చిత్రిక: వద్దండీ, కాగితం పక్కన పెట్టండి. ఆ గుర్తు నాణ్యత తనిఖీది, పలక మొత్తం గట్టి టేకని హామీ కాదు. ఆ కాలపు బల్లల్లో చాలావాటికి లోపల చిప్‌బోర్డో (చెక్క పొట్టు అతికిన పలక) బ్లాక్‌బోర్డో (చెక్క బద్దెలు అతికిన పలక) ఉంటుంది, పైన వెనీర్ (పలుచటి చెక్క పొర), చుట్టూ గట్టి టేకు బద్దె. వెనీర్ మందం సుమారు 0.6 మిల్లీమీటర్లే. నల్ల మచ్చ అంతకంటే లోతుకి దిగి ఉంటే, మచ్చ పోకముందే వెనీర్ అరిగి లోపలి పలక బయటపడుతుంది. దానికి మందు లేదు.

తేల్చుకోవడం సులువే. లైటు ఏటవాలుగా పట్టి అంచు చూడండి. పైనున్న చారలే పక్కకి కూడా దిగి, చివర సన్నటి రంధ్రాలు కనిపిస్తే గట్టి చెక్క. అంచుకి కొద్దిగా లోపల సన్నటి అతుకు గీత ఉండి చారలు అక్కడ తెగిపోతే వెనీర్.

నూనెగుడ్డ: తెల్ల వలయం, నల్ల వలయం ఒకటి కావు. తెల్లది పైపూతలో చిక్కిన తేమ, చెక్కకి ఏమీ కాలేదు. నల్లది ఇనుము, తేమ, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం కలిసి పుట్టిన రంగు.

ఓ మూల నీటి చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. ముత్యంలా నిలిస్తే లాకర్ (వార్నిష్ లాంటి గట్టి పొర) పూత. ఇంకి నల్లబడితే నూనె పూత.

పాతటేకు: అతుకు గీత ఉంది, వెనీరే. చుక్క ఇంకిపోయింది.

నూనెగుడ్డ: అయితే తెల్లవాటికి మెత్తటి నైలాన్ ప్యాడ్ మీద నూనె వేసి చార వెంబడి తేలిగ్గా రుద్దితే చాలు. నల్లదానికి ముందు టర్పెంటైన్‌తో ఆ చోట పాత నూనె తుడవండి, లేకపోతే మందు లోపలికి పోదు. ఆ మందు ఇదీ: లీటరు వేడినీళ్ళలో 50 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్, గాజు లేదా ప్లాస్టిక్ గిన్నెలోనే కలపాలి. చిన్న కుంచెతో వలయం మీద మాత్రమే పూయండి, మడుగు కట్టనివ్వకండి: నీళ్ళు ఎక్కువైతే వెనీర్ ఉబ్బి లేస్తుంది. అరగంటాగి తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. ఎండిన యాసిడ్ పొడిని రుద్దొద్దు, అది ఊపిరితిత్తులకి చేటు. స్టీల్ ఊల్ తడి చెక్క మీద వాడారో, కొత్త నల్లచుక్కలు మీరే పెట్టినట్టు.

చిత్రిక: కాలు సంగతి. అడుగున బోల్టుంటే ముందు బిగించండి, చాలాసార్లు అంతటితో సరి. జిగురు అతుకైతే కారిన పాత జిగురు మీద వేడినీటి చుక్క వేయండి. జిగటగా మారితే జంతు జిగురు, కొత్త జంతు జిగురు దాని మీదే అంటుకుంటుంది. మారకపోతే గీకి తీసి తెల్ల జిగురు వేయాలి. గీకేటప్పుడు చెక్క పోతే కుసి (కన్నంలో దూరే కాలి కొస) వదులైపోతుంది, జాగ్రత్త.

నూనెగుడ్డ: చెక్క పూర్తిగా ఆరాక నూనె పలుచగా రెండు పూతలు, ఒక్కో పూతకి పావుగంటాగి మిగిలింది తుడిచేయండి, మధ్యలో ఒక రోజు విరామం. అవిసె నూనె గుడ్డల్ని ముద్దగా పడేయకండి, వాటంతటవే నిప్పంటుకుంటాయి. విప్పి ఆరుబయట పరచండి.