గోలీ కొట్టేటప్పుడు చెయ్యి ముందుకు జరిగితే తొండి అవుతుందా?

గీతబయట: మొన్న సాయంత్రం పిల్లలకి గోలీలాట నేర్పిద్దామని నేనూ మా బావా కూర్చున్నాం. గీత దగ్గర నుంచి బావ కొట్టిన ప్రతిసారీ చెయ్యి జానెడు ముందుకు పోతోంది. తొండి అన్నాను. గోలీ వదిలాక చెయ్యి ఎటు పోతే నీకేం అన్నాడు. వదిలాక కాదు, వదిలేలోపే పోతోందని నా గొడవ. పిల్లలు ఆట మానేసి మమ్మల్ని చూస్తూ కూర్చున్నారు. అసలు రూల్ ఏంటో చెప్పండి.

గుంటగోలీ: పిల్లలాటకి అంత రూలెందుకండీ? ఆరేళ్ళ పిల్లాడి బొటనవేలికి బలం ఎంతుంటుంది? చెయ్యి కాస్త తోస్తేనే గోలీ కదులుతుంది. మొదటి రోజే తొండి తొండి అని అరిస్తే రెండో రోజు ఆటకి రాడు.

నేలచూపు: రూల్ చాలా స్పష్టంగా ఉంది. అమెరికాలో జాతీయ పోటీల్లో ఆడే రింగర్‌లో 10 అడుగుల వ్యాసం ఉన్న వలయం గీసి, మధ్యలో 13 గోలీలు కూడిక గుర్తులా పేరుస్తారు, ముందుగా 7 బయటికి కొట్టినవాళ్ళు గెలిచినట్టు. కొట్టేవాడి వేలి కణుపు ఒక్కటైనా నేలకి ఆని ఉండాలి, గోలీ చేతిలోంచి వెళ్ళేదాకా చెయ్యి ముందుకి జరగకూడదు, పైకి లేవకూడదు. ఇంగ్లండ్‌లో టిన్స్‌లీ గ్రీన్‌లో జరిగే ప్రపంచ పోటీలో 6 అడుగుల వలయం, 49 గోలీలు, అక్కడా కణుపు నేల మీదే.

కానీ రూల్ ఉంది కాబట్టి పాటించాలని నేననను, దాని వెనక ఉన్న లెక్క చూడండి. రింగర్‌లో మొదటి దెబ్బ గీత దగ్గర నుంచి, అంటే మధ్య గోలీకి 5 అడుగుల దూరం. ఒక గోలీని బయటికి కొట్టి మన గోలీ వలయంలోనే ఆగిపోతే, అది ఆగిన చోటి నుంచే మళ్ళీ కొట్టొచ్చు. మనదీ బయటికి పోయిందా, కొట్టిన గోలీ మనకే దక్కుతుంది గానీ వంతు అయిపోతుంది. కాబట్టి జోరు కాదు కావాల్సింది, ఆగడం. మంచి ఆటగాడు బొటనవేలితో గోలీకి వెనక్కి తిరిగే స్పిన్ ఇస్తాడు, అది అవతలి గోలీని టక్కున తన్ని, దాని చోట్లోనే గిర్రున తిరుగుతూ నిలబడిపోతుంది. ఒక్కసారి దగ్గర కూర్చుని చూస్తే మర్చిపోరు. చేత్తో తోసేవాడికి ఇది ఎప్పటికీ రాదు, ఎందుకంటే బలం భుజంలోంచి వస్తోంది, వేలికి పనే లేదు.

గుంటగోలీ: సరే, మరి మన పద్ధతి సంగతి? బొటనవేలు నేలకి ఆనించి, మధ్యవేలి కొసకి గోలీ పెట్టి, రెండో చేత్తో వేలిని విల్లులా వెనక్కి లాగి వదుల్తాం. ఇందులో కణుపు నేలకి తగలనే తగలదు. అంటే మనందరిదీ తొండేనా?

నేలచూపు: మంచి ప్రశ్న, కానీ ఇది నా మాటకే బలం. కణుపుకి బదులు ఇక్కడ బొటనవేలు పాతుకుని ఉంటుంది. అది కదిలితే గురి కూడా కదిలిపోతుంది. గుంట ఆటలో దూరం కొలిచేదే జానతో, అలాంటప్పుడు జానెడు ముందుకి తోశాడంటే ఆ జానెడు దొంగిలించినట్టే కదా. ఏ పద్ధతైనా ఆడండి, నేలకి ఆనినది కదలకూడదు, అంతే.

చిన్నవాళ్ళ సంగతి మాత్రం మీరన్నది నిజమే, బలం చాలదు. అందుకు చెయ్యి జరపనివ్వడం కాదు, గీతనే దగ్గరికి జరపండి. అలవాటు ఒకసారి పడితే పదేళ్ళప్పుడు మాన్పించడం మహా కష్టం, నేను ఇద్దరికి ప్రయత్నించి ఓడిపోయాను.

గీతబయట: థాంక్సండీ. ఇవాళ పిల్లలకి 3 అడుగుల వలయం గీశాను, కణుపు ఆనించే చోట సుద్దముక్కతో చుక్క పెట్టాం. చిన్నది నాలుగో దెబ్బకే తగిలించింది. బావ చెయ్యి ఇంకా జరుగుతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు చుక్క దాటగానే పిల్లలే పట్టుకుంటున్నారు.