టాకియాన్ కృష్ణబిలం నుంచి బయటపడగలదా?

ప్రశ్న:
1987 ఫిబ్రవరి 23న పెద్ద మాగెల్లానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో కనిపించిన సూపర్నోవా (నక్షత్ర విస్ఫోటనం) నుంచి న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతి కన్నా దాదాపు మూడు గంటలు ముందే భూమిని చేరాయని చదివాను. అవి కాంతిని మించిన వేగంతో వచ్చినట్టేనా? అలా మించగల టాకియాన్లే గనక నిజంగా ఉంటే, కృష్ణబిలం లోపలి నుంచి బయటికి రాగలవా?

సమాధానం 1:
ఆ మూడు గంటల తేడా ప్రయాణంలో వచ్చినది కాదు, బయలుదేరడంలో వచ్చినది. నక్షత్ర గర్భం కుప్పకూలినప్పుడు పుట్టిన న్యూట్రినోలు పై పొరలను ఇంచుమించు అడ్డు లేకుండా దాటిపోతాయి. కాంతి మాత్రం లోపలి విఘాత తరంగం ఉపరితలాన్ని తాకేదాకా, అంటే కొన్ని గంటలపాటు, ఆగవలసిందే. దాదాపు 1,68,000 ఏళ్లు ప్రయాణించాక కూడా రెండూ ఒకే రోజున చేరాయంటే, వాటి వేగాల్లో తేడా దాదాపు లేదన్నమాట. 2011లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల నుంచి 730 కిలోమీటర్ల దూరంలో, ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు వెళ్లిన న్యూట్రినోలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందు చేరాయని, వాటిని కొలిచిన ఒపెరా ప్రయోగ బృందం ప్రకటించింది. అదే నిష్పత్తి 1987 నాటి న్యూట్రినోలకూ వర్తిస్తే అవి సుమారు నాలుగేళ్లు ముందే వచ్చి ఉండాలి. ఆ రెండు సందర్భాల్లోనూ న్యూట్రినోల శక్తి వేరని వాదించేవారు వాదించారు గానీ, జీపీఎస్ సంకేతాన్ని అందించే ఫైబర్ కేబుల్ సరిగా బిగియలేదని 2012లో బయటపడడంతో ఆ చర్చ ముగిసింది.

సమాధానం 2:
రెండో ప్రశ్నే నాకు ఆసక్తికరంగా ఉంది. 1962లో కేరళకు చెందిన భౌతికశాస్త్రవేత్త సుదర్శన్, ఆయనతో కలిసి బిలానియుక్, దేశ్‌పాండేలు చెప్పినది ఇది: సాపేక్షతా సిద్ధాంతం కాంతివేగాన్ని దాటడాన్ని నిషేధిస్తుంది గానీ, పుట్టుకతోనే దానికి అవతల ఉన్న కణాన్ని నిషేధించదు. అటువంటి కణం శక్తిని కోల్పోయేకొద్దీ వేగం పుంజుకుంటుంది; దాని ద్రవ్యరాశి వర్గం (ద్రవ్యరాశిని దానితోనే గుణిస్తే వచ్చే విలువ) మాత్రం ఋణాత్మకం. కృష్ణబిలపు ఘటనా దిగంతం, అంటే దాటితే కాంతి కూడా తిరిగి రాలేని హద్దు, కాంతి పథాలు గీసిన సరిహద్దు కనుక, కాంతిని మించిన పథం దాన్ని లోపలి నుంచి దాటడానికి జ్యామితి అడ్డురాదు. కాబట్టి కాగితం మీద మీ ప్రశ్నకు సమాధానం "రాగలదు" అనే. చిక్కు ఎక్కడంటే, అటువంటి పథంపై రెండు ఘటనల్లో ఏది ముందో చూసేవారి గమనాన్ని బట్టి మారుతుంది: ఒకరికి బయటికి వచ్చిన టాకియాన్ మరొకరికి లోపలికి పడినట్టు తోస్తుంది. కాలంలో వెనక్కి వెళ్లే ఋణశక్తి కణాన్ని ముందుకు వెళ్లే ధనశక్తి కణంగా చదువుకోవాలన్న సుదర్శన్ బృందం సూచన ఈ చిక్కును తప్పించడానికే; అయితే దానితో ఎవరు పంపారు, ఎవరు అందుకున్నారు అన్నదే తలకిందులవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే క్వాంటమ్ సిద్ధాంతం దీన్ని ఎలా చూస్తుంది?

సమాధానం 3:
ఇంకా కఠినంగా చూస్తుంది. క్వాంటమ్ సిద్ధాంతంలో కణాలు అంతటా పరచుకున్న క్షేత్రాల్లోని అలజడులే; ద్రవ్యరాశి వర్గం ఋణాత్మకమైన క్షేత్రం మొనపై నిలబెట్టిన పెన్సిల్ లాంటిది. అది వేగంగా పరిగెత్తదు, ఒరిగిపోతుంది. కణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రం అలా ఒరిగి స్థిరపడినదే. ఆ అస్థిర దశలో కూడా క్షేత్రంలో కలిగే అలజడి కాంతివేగాన్ని మించి వ్యాపించదని 1969లోనే చూపారు. అందువల్ల టాకియాన్ పథాలను గీసి బయటికి దారి చూపడం నాకు సమ్మతం కాదు. క్షేత్ర సిద్ధాంతం ప్రకారం ఆ దారిలో సంకేతమేదీ ప్రయాణించదు.