చలికాలం సైకిల్ గ్రూప్ రైడ్లు: బెజవాడ, గుంటూరు వైపు రేసులకు తయారయ్యేవాళ్ళు ఎలా తొక్కుతున్నారు?

పటమట_రోడ్డు
నమస్తే అండి. ఉద్యోగం చేసుకుంటూ రోడ్ రేసులకు ప్రాక్టీస్ చేస్తున్నాను. మామూలు రోజుల్లో ఒక్కడినే తొక్కుతా. ఆదివారం మాత్రం గ్రూప్‌తో వారధి దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు దాకా వెళ్ళొస్తాం. డిసెంబరు వచ్చేసరికి వాతావరణం చల్లబడి అందరికీ ఊపు వచ్చింది. కాజ టోల్‌గేట్ దాటామో లేదో ఎవరో ఒకరు వేగం పెంచి లాగడం, మిగతావాళ్ళు వెంటపడటం. అక్కడి నుంచి గ్రూప్ ముక్కలైపోతుంది. మంగళవారం దాకా కాళ్ళు బరువుగానే ఉంటున్నాయి. సీజన్‌కి పునాది వేసుకోవాల్సిన నెలల్లో ఇలా ప్రతి వారం రేసులా తొక్కితే లాభమేనా? గ్రూప్ వదులుకోవడం నాకిష్టం లేదు. మీ దగ్గర ఎలా నడుపుతున్నారో చెప్పండి.

కరకట్ట_గాలి
వదలొద్దు తమ్ముడూ. గ్రూప్‌ని మార్చుకోండి. చాలా ఏళ్ళుగా చలికాలం రైడ్లు నడుపుతున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

ఈ నెలల్లో చేసే లాంగ్ రైడ్ పని ఒక్కటే: గుండెకి, కండరాలకి ఓర్పు నేర్పడం. కండరంలో సన్నటి రక్తనాళాలు పెరగాలి, కొవ్వుని ఇంధనంగా వాడుకునే అలవాటు రావాలి. అవి మూడు నాలుగు గంటలు నెమ్మదిగా, ఆగకుండా తొక్కితే వస్తాయి. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత శ్వాస ఉండాలి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగారంటే వేగం ఎక్కువైందన్నమాటే. హార్ట్ రేట్ స్ట్రాప్ ఉన్నవాళ్ళకి గుండె గరిష్ఠ వేగంలో దాదాపు 60 నుంచి 75 శాతం మధ్య.

చిక్కు ఎక్కడంటే, గ్రూప్‌లో ఒకే వేగంతో వెళ్తున్నా అందరూ ఒకే శ్రమ చేయడం లేదు. గంటకి 32 కిలోమీటర్ల వేగంలో ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు. చక్రం వెనక సరిగ్గా కూర్చున్నవాడికి శ్రమ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అంటే ముందున్నవాడు ఆయాసపడుతుంటే చివరివాడు తేలిగ్గా పెడల్ తిప్పుతూ కబుర్లు చెప్తుంటాడు. ముందుండే వంతు ఆ చివరివాడికి వచ్చినప్పుడు 'ఇంత తేలికా' అనుకుని 36కి లాగుతాడు. మీ కాజ టోల్‌గేట్ కథ అదే.

మా పద్ధతి ఇది. వంతు తీసుకునేవాడు ముందుకి రాకముందు మీటర్‌లో ఏ అంకె ఉందో, వచ్చాక కూడా అదే ఉండాలి. బలమైనవాడు ముందు ఎక్కువసేపు ఉంటాడు, బలహీనుడు కొద్దిసేపు ఉండి తప్పుకుంటాడు. వేగం అందరికీ ఒకటే, తేడా ముందుండే సమయంలోనే. ఎగువకి వచ్చినప్పుడు, వారధి ఎక్కేటప్పుడు, ముందున్నవాడి శ్వాసని బట్టి వేగం తగ్గనివ్వాలి. అక్కడ అంకె పట్టుకుని వేలాడకూడదు. లాగాలని ఉన్నవాళ్ళకి వారంలో మరో రోజు పెట్టండి. ఆదివారం మాత్రం ఎంతమంది బయల్దేరితే అంతమందీ కలిసి తిరిగి రావాలి.

గేర్_52
అన్నా, మీ మాట మీద గౌరవం ఉంది, కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. రేసులో జనం మధ్య చక్రం పట్టుకోవడం (ముందువాడి చక్రం వెనకే అంటుకుని తొక్కడం), ఎవడో ఒక్కసారిగా లేచి వేగం పెంచినప్పుడు వెంటనే స్పందించడం, అవన్నీ ఒంటరిగా ట్రైనర్ (ఇంట్లో సైకిలు బిగించి తొక్కే స్టాండు) మీద నేర్చుకోలేం. మన దగ్గర రేసులే తక్కువ. చలికాలమంతా నెమ్మదిగా తొక్కి, సెలక్షన్స్ రోజున మొదటిసారి భుజం భుజం రాసుకుంటూ వెళ్ళాలంటే భయమేస్తుంది. మా గ్రూప్‌లో ఆదివారం గట్టిగా తొక్కే వాళ్ళే రేసుల్లో నిలబడ్డారు.

కరకట్ట_గాలి
@గేర్_52 నైపుణ్యం నేర్చుకోవాలనేదానికి నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటా. కానీ చక్రం పట్టుకోవడం, పక్కవాడి మోచేయి తగిలినా బెదరకపోవడం, సీసా తీస్తూ లైన్ చెదరకపోవడం, ఇవన్నీ 27 వేగంలో నేర్చుకుంటేనే బాగా వస్తాయి. ఊపిరాడనప్పుడు ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఇక ఒక్కసారిగా లేవడం అంటారా, బుధవారం గంటసేపు అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద పెట్టుకోండి. 10 నిమిషాలు గట్టిగా, 5 నిమిషాలు మెల్లగా, అలా మూడు నాలుగు సార్లు. వెడల్పాటి రోడ్డు, మలుపులు లేవు. కాకపోతే రాజధాని పనుల టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు మొదలవ్వకముందే అయిపోవాలి. లారీ నుంచి రాలిన కంకర చక్రం కింద పడితే కార్బన్ రిమ్ముకి ప్రమాదం, మనిషికి ఇంకా ప్రమాదం.

బ్రాడీపేట_28ఎంఎం
గుంటూరు వైపు నుంచి నా మాట. ట్రైనింగ్ సంగతి పెద్దలు చెప్పారు, నేను రోడ్డు గురించి చెప్తా. చలికాలం రోడ్డు వేసవి రోడ్డు కాదు.

కోతలయ్యాక ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తారు. పల్లె రోడ్లలో సగం రోడ్డు పట్టాలే. పట్టా అంచున గాలికి లేవకుండా రాళ్ళు పెడతారు, రాత్రి పరదా కప్పుతారు. మంచులో ఆ పరదా తారు రంగులోనే ఉంటుంది. కింద పొరలా పరుచుకున్న వడ్ల మీద సన్నటి టైరు పడిందంటే ముందు చక్రం జారిపోతుంది, బ్రేకు పట్టినా ఉపయోగం లేదు. అందుకే లైన్‌లో ముందున్నవాడు 'ధాన్యం, ఎడమ!' అని అరవాలి. చెయ్యి చూపిస్తే చాలదు, మంచులో మూడోవాడికి చెయ్యి కనపడదు. ముందువాడు అన్నమాట చివరివాడి దాకా ఒకరి తర్వాత ఒకరు అంటూ పోవాలి. రైతు ఆరబెట్టుకునేది ఏడాది కష్టం. దాన్ని తొక్కుకుంటూ పోవడం మనకీ, ఆయనకీ నష్టమే. దిగి పక్కనుంచి నడిపించుకుని వెళ్తే పోయేదేం లేదు.

సంక్రాంతి దాటాక యార్డుకి మిర్చి వస్తుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఆకాశమంత ఎత్తున పేర్చిన లారీలు, ట్రాక్టర్లు. వెనక నుంచి వచ్చే గాలికి ఘాటు కళ్ళలో పడుతుంది, కళ్ళద్దాలు లేకుండా రాకండి. ఆ లారీల వెనకాల గాలి నీడ బాగుంటుందని, అంటే గాలి తగలదని, వాటిని అంటుకుని తొక్కేవాళ్ళని చూశాను. దయచేసి చెయ్యకండి. డ్రైవరు గుంత చూసి బ్రేకు కొడితే మనకి ఆగే దూరమే ఉండదు.

ఎక్కడం కావాలంటే కొండవీడు ఘాట్ రోడ్డు. ఎక్కేటప్పుడు ఒళ్ళంతా చెమట, దిగేటప్పుడు ఆ తడి మీద చల్లగాలి. పలచటి గాలి ఆపే చొక్కా ఒకటి మడిచి జేబులో పెట్టుకోండి, పైన ఆగినప్పుడే వేసుకోండి. పొద్దున్నే మంచు తడి ఉంటే రిమ్ బ్రేకులు మొదటి ఒకటి రెండు చక్రాలు తిరిగే దాకా పట్టవు. మలుపుకి ముందే కొద్దిగా తాకించి రిమ్ము ఆరబెట్టుకుని దిగాలి. నరసరావుపేట వైపు ఉన్నవాళ్ళకి కోటప్పకొండ ఘాట్ కూడా ఉంది.

ఉండవల్లి_సెంటర్
నేను ఈ గ్రూపుల్లో ఉన్న కొద్దిమంది ఆడవాళ్ళలో ఒకదాన్ని. బయల్దేరే వేళ గురించి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నా. వేసవిలో ఐదింటికి మొదలుపెట్టే అలవాటు చలికాలంలోనూ కొనసాగిస్తున్నాం. డిసెంబరు చివర మనకి సూర్యోదయం ఆరున్నర దాటాకే. అంటే గంటకి పైగా చీకటి, పైగా కృష్ణ మీద నుంచి మంచు. ప్రకాశం బ్యారేజీ 1957 నాటి కట్టడం, కిలోమీటరు పైచిలుకు పొడవు. దాని మీద జాయింట్లు చీకట్లో కనపడవు.

మా చిన్న గ్రూప్ ఆరుంబావుకి మార్చుకుంది. 'ఎనిమిదికల్లా బెంజి సర్కిల్ నిండిపోతుంది కదక్కా' అన్నారు. నిజమే, అందుకని తిరుగు దారి వేరే పెట్టుకున్నాం. ముందే బయల్దేరక తప్పనివాళ్ళు లైట్ల సంగతి చూసుకోండి. ముందు లైటు కిందికి వంచి పెట్టాలి. మంచులోకి ఎత్తి పెడితే తెల్లగోడలా కనిపిస్తుంది తప్ప రోడ్డు కనపడదు. వెనక ఎర్ర లైటు గ్రూప్ మధ్యలో ఉన్నవాళ్ళు ఆగి ఆగి వెలిగేలా పెడితే వెనకవాడికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. మధ్యవాళ్ళు నిలకడగా, తక్కువ వెలుగులో. చివరివాడొక్కడే మెరిసేలా.

ఇంకొకటి. వెనకబడ్డ మనిషిని చీకట్లో హైవే మీద వదిలేసి వెళ్ళే గ్రూప్‌కి నేను వెళ్ళను, మీరూ వెళ్ళకండి. 'టిఫిన్ దగ్గర కలుద్దాం' అనడం సరదాగా ఉండొచ్చు, పంక్చరై ఒంటరిగా నిలబడ్డ అమ్మాయికి కాదు.

పటమట_రోడ్డు
అక్కా, ఆ చివరి మాట మా గ్రూప్‌లో చదివి వినిపిస్తా. ఒక సందేహం. గుంటూరు వెళ్ళేటప్పుడు రెక్కలొచ్చినట్టు పోతాం, తిరిగొచ్చేటప్పుడు నరకం. అలసటా, గాలా?

కరకట్ట_గాలి
రెండూ, కానీ ఎక్కువ గాలే. ఈ నెలల్లో మనకి గాలి ఈశాన్యం నుంచి. గుంటూరు బెజవాడకి నైరుతిలో ఉంది. వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు. పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది కూడా. అందుకే వెళ్ళేటప్పుడు వచ్చిన వేగాన్ని నమ్ముకుని శక్తి ఖర్చుపెట్టకూడదు.

కరకట్ట మీద అమరావతి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇంకో రకం. నది మనకి ఎడమ పక్క, గాలి ఎడమ ముందు నుంచి ఏటవాలుగా. అప్పుడు ముందువాడి గాలి నీడ సరిగ్గా వెనక ఉండదు, కుడి వైపు జరుగుతుంది. విదేశీ రేసుల్లో రోడ్డంతా వాలుగా పరుచుకుంటారు. మనకి కుడి అంటే ఎదురొచ్చే ట్రాక్టరు. ఇక్కడ అందరికీ నీడ దొరకదు, దొరకాలని ప్రయత్నించకూడదు. నలుగురు చొప్పున విడిపోండి, జట్టుకీ జట్టుకీ మధ్య కారు దూరేంత ఖాళీ వదలండి. జట్టులో ముందువాడు అంచుకి అంటుకుపోకుండా ఓ మూర వదిలి తొక్కాలి, వెనకవాడు అర చక్రం మాత్రమే కుడికి జరగాలి. వంతు అయ్యాక గాలి వచ్చే వైపుకే, అంటే ఎడమకే తప్పుకోవాలి. కుడికి తప్పుకుంటే వెనకవాడి ముందు చక్రానికి అడ్డం పడతారు. చక్రాలు ఒకదాన్నొకటి దాటి ఉన్నప్పుడు తగిలితే పడేది ఎప్పుడూ వెనకవాడే.

సత్తెనపల్లి_నాన్న
మా అబ్బాయికి పదహారు. పెద్దవాళ్ళ గ్రూప్‌తో తొక్కుతానంటున్నాడు. పంపమంటారా? గేర్ల గురించి కూడా భయంగా ఉందండి, మోకాళ్ళు పాడవుతాయని ఎవరో అన్నారు.

బ్రాడీపేట_28ఎంఎం
పంపండి సార్, కానీ నెమ్మదిగా తొక్కే రోజుకే. వచ్చే ఏడాది 17 కదా, జూనియర్ విభాగంలోకి వస్తాడు. ఇదివరకు జూనియర్లకి గేర్ మీద హద్దు ఉండేది. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిలు 7.93 మీటర్లకి మించి పోకూడదు, అంటే ముందు 52 పళ్ళ పళ్ళచక్రానికి వెనక 14 పళ్ళది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) 2023 నుంచి ఆ హద్దు తీసేసింది. రూలు పోయినా ఆ వయసు కుర్రాళ్ళు తేలిక గేర్‌లో నిమిషానికి 90 చుట్ల పైన తిప్పడం నేర్చుకోవడమే మేలు. పెద్ద గేర్ కిందికి నొక్కి తొక్కితే భారమంతా మోకాలి మీదే. సీటు ఎత్తు ఒకసారి అనుభవం ఉన్నవాళ్ళకి చూపించండి, అతను ఇంకా పెరుగుతున్నాడు.

ఉండవల్లి_సెంటర్
తిండి కూడా సార్. చలిగా ఉందని పిల్లలు నీళ్ళు తాగరు, దాహం తెలీదు. చెమట మాత్రం పోతూనే ఉంటుంది. రెండు గంటలు దాటే రైడ్‌కి గంటకో సీసా, గంటకి 60 గ్రాముల దాకా పిండిపదార్థం. జెల్లులే కొననక్కర్లేదు. అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది, దాంతో పాటు ఖర్జూరాలు జేబులో వేసి పంపండి. పల్లీ పట్టీ కూడా పనికొస్తుంది, కాకపోతే నూనె గింజ కాబట్టి గట్టిగా తొక్కేటప్పుడు కాదు, ఆగినప్పుడు తినాలి.

గేర్_52
పైన నేను వాదించినా, బుధవారం గట్టిగా, ఆదివారం కలిసి అన్నది ఈ వారం మా వాళ్ళ ముందు పెడతాను. ఒకరిద్దరు గొణుగుతారు. బుధవారం పెట్టే రైడ్ గట్టిదైతే ఒప్పుకుంటారు.

పంక్చర్ల మీద ఒక్క మాట. కరకట్ట వెంబడి సర్కారు తుమ్మ కొట్టినప్పుడు ముళ్ళు రోడ్డు మీదకొస్తాయి, పొలం బండ్లతో పల్లేరుకాయలు వస్తాయి. ముల్లు తీశాక ట్యూబు మార్చేముందు టైరు లోపల వేలితో మొత్తం తడమండి. విరిగిన ముల్లు కొన అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా పోతుంది.

పటమట_రోడ్డు
అందరికీ కృతజ్ఞతలు. మా వాళ్ళతో మాట్లాడా. ఈ ఆదివారం ఆరుంబావుకి, అంకె మార్చకుండా వంతులు, చివరి మనిషితో కలిసి తిరుగు ప్రయాణం. లాగాలనుకునేవాళ్ళకి బుధవారం. ఇప్పుడు దారి సంగతి. భవానీ దీక్ష విరమణ రోజులు దగ్గరపడుతున్నాయి, తెల్లవారుజాము నుంచే ఎర్రబట్టల్లో భక్తులు హైవే అంచు వెంట వేల మంది నడుస్తారు. ఆ వారం వాళ్ళ మధ్యలోంచి లైన్ తీసుకుపోవడం సరికాదు.

కరకట్ట_గాలి
ఆ వారం కాలవ వెంట దుగ్గిరాల, తెనాలి వైపు తీసుకెళ్ళండి. ఊళ్ళ మధ్య ధనుర్మాసం ముగ్గులుంటాయి, వాటి మీదుగా తొక్కకుండా పక్కనుంచి నెమ్మదిగా పొమ్మని బయల్దేరేముందే అందరికీ చెప్పండి. గాలి మామూలే, వెళ్ళేటప్పుడు తోస్తుంది, తిరుగులో ఎదురు. తిరుగుకి బలమైనవాళ్ళని ముందు పెట్టుకోండి. దుగ్గిరాలలో రైలు గేటు పడితే అక్కడే టీ తాగేయండి.