డిగ్రీ విద్యార్థుల కోసం ఎఫ్‌టీఐఆర్ కొనాలా, ఎన్‌ఎంఆర్ కోసం ఆగాలా?

ప్రశ్న: కోనసీమ కెమిస్ట్రీ టీచర్

నమస్కారం. కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో 11 ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. ఈ ఏడాది మా విభాగానికి పరికరం కొనుక్కోవడానికి 18 లక్షలు మంజూరయ్యాయి. ఇంత డబ్బు రావడం ఇదే మొదటిసారి. ఎక్కడ పొరపాటు చేస్తానో అని నిద్ర పట్టడం లేదు.

మా ల్యాబులో ఉన్నది ఒక కలరీమీటరు, ఒక పాత యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటరు. ఆస్పిరిన్ తయారుచేసిన పిల్లలు ద్రవీభవన స్థానం చూస్తారు, ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసి ఊదారంగు రాలేదని సంతోషిస్తారు. అంతటితో సరి. కిందటేడు ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, బోర్డు మీద ఇన్‌ఫ్రారెడ్ గ్రాఫులో 1700 (తరంగ సంఖ్య) దగ్గర పీకు, అంటే శిఖరం, గీస్తారు కదా, మనం చేసిన పొడిలో అది నిజంగా కనిపిస్తుందా?" పుస్తకంలో బొమ్మ చూపించి ఊరుకున్నాను. ఆ బాకీ ఇంకా తీరలేదు.

ఈ డబ్బుకు మరికొంత తెచ్చి బల్ల మీద పెట్టుకునే చిన్న ఎన్‌ఎంఆర్ (అయస్కాంతంతో అణువు నిర్మాణాన్ని చూపే పరికరం) కొందామని సహోద్యోగులు అంటున్నారు. నా మనసు ఎఫ్‌టీఐఆర్ (శాంపిల్ ఏ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటుందో గ్రాఫు గీసే పరికరం) వైపు ఉంది. కానీ మా ఊళ్లో వానాకాలమంతా జాడీలో ఉప్పే నీరు కారిపోతుంది. ఆ తేమలో పరికరం బతుకుతుందా?

జవాబు: విశ్రాంత ల్యాబ్ మాస్టారు

ఎఫ్‌టీఐఆర్ కొనండమ్మా, పొడిని నేరుగా స్ఫటికం మీద నొక్కి చూసే ఏటీఆర్ అమరికతో సహా. పొటాషియం బ్రోమైడ్ పెల్లెట్లతో నేను పడ్డ పాట్లు మీ పిల్లలు పడనక్కర్లేదు. ఒక మిల్లీగ్రాము శాంపిల్‌ను 100 మిల్లీగ్రాముల బ్రోమైడ్‌తో అగేట్ కల్వంలో నూరి, ప్రెస్‌లో బిగించి తీస్తే అద్దంలా ఉండాల్సిన బిళ్ల పాలలా తెల్లగా వచ్చేది. వానాకాలంలో నూరుతుండగానే చెమ్మ పట్టేది. స్పెక్ట్రంలో 3400 దగ్గర నీటి గుట్ట లేచి అసలు పీకును మింగేసేది. ఏటీఆర్‌లో అయితే చిటికెడు పొడిని వజ్రపు స్ఫటికం మీద వేసి నొక్కితే నిమిషంలో గ్రాఫు వస్తుంది. ఒక ప్రాక్టికల్ క్లాసులో ఇరవై మందీ తమ చేతులతో చేయవచ్చు.

తేమ గురించి మీ భయం నిజమైనదే. లోపల కాంతిని రెండుగా చీల్చే బీమ్ స్ప్లిటర్‌ను సాధారణంగా పొటాషియం బ్రోమైడ్‌తోనే చేస్తారు. మేము వేసవి సెలవుల్లో గది మూసి వెళ్లిపోయాం. చెమ్మ పీల్చే డెసికెంట్‌ను ఎవరూ మార్చలేదు. తిరిగొచ్చేసరికి బీమ్ స్ప్లిటర్ మసకబారింది. మరమ్మతు ఒప్పందం లేదు కాబట్టి 8 నెలలు పరికరం మూలన పడింది, ఒక బ్యాచ్ దాన్ని చూడకుండానే వెళ్లిపోయింది. ఇప్పటికీ ఆ పిల్లల ముఖాలు గుర్తొస్తాయి. చెమ్మకు చెడని జింక్ సెలినైడ్ ఆప్టిక్స్‌తో ఇస్తారేమో అడగండి. గ్రాఫు 400 దాకా వెళ్లదు గానీ ఆర్గానిక్ పనికి చాలు. నిర్వహణ ఒప్పందాన్ని ఆర్డరులోనే రాయించండి. సెలవుల్లో తాళం ఎవరి దగ్గర ఉండాలో కూడా ముందే తేల్చుకోండి.

జవాబు: ఎన్‌ఎంఆర్ ఆపరేటర్

చిన్న ఎన్‌ఎంఆర్‌లకు శాశ్వత అయస్కాంతం ఉంటుంది, ద్రవ హీలియం బెడద లేదు. కానీ 60, 80 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పీకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. దానికోసం ఇప్పుడు ఆగకండి. ఐఐటీ మద్రాసులోనూ, కొచ్చిలోనూ సైఫ్ అనే ఉమ్మడి పరికరాల కేంద్రాలున్నాయి, బయటివారి శాంపిళ్లు తీసుకుంటాయి. 2020లో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ పరికరం ఎక్కడుందో వెతికి బుక్ చేసుకోవచ్చు. ఒక్క మాట: ప్రింటు కాగితం మాత్రమే తెచ్చుకోవద్దు, ముడి డేటా ఫైలు అడగండి. ఫేజ్ సరిచేయడం (పీకులను నిటారుగా దిద్దడం), ఇంటిగ్రేషన్ (పీకుల వైశాల్యం కొలవడం) పిల్లలు మీ కంప్యూటర్‌లోనే చేస్తే సగం ఎన్‌ఎంఆర్ వచ్చేసినట్లే. తర్వాతి విడత డబ్బుకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) స్టార్ కాలేజీ పథకం, శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్టీ) ఫిస్ట్ పథకం చూడండి.

జవాబు: అమలాపురం అబ్బాయి, పీహెచ్‌డీ

మేడమ్, మన ఊరి ప్రాజెక్టు మన ఊళ్లోనే ఉంది: కొబ్బరి నూనె. ఒక్క చుక్క ఏటీఆర్ మీద వేయండి. 1740 దగ్గర కొవ్వులోని ఎస్టర్ కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ జంట బంధం) పీకు నిటారుగా నిలబడుతుంది. మినరల్ ఆయిల్‌కు ఆ పీకే ఉండదు, కాబట్టి అది కలిసేకొద్దీ ఆ ఎత్తు తగ్గుతుంది. కొబ్బరి నూనెలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వే కనుక, అసంతృప్త కొవ్వుకు గుర్తైన 3005 దగ్గర దాదాపు ఏమీ కనిపించదు. పామోలిన్ కలిస్తే అక్కడ చిన్న భుజం లేస్తుంది. 5, 10, 20 శాతం మిశ్రమాలు కలిపి పిల్లలచేత కాలిబ్రేషన్ గీత గీయించండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీ 8 నెలల సంగతి మా ప్రిన్సిపాల్ గారికి చదివి వినిపించాను. నిర్వహణ ఒప్పందానికి, గదిలో డీహ్యూమిడిఫయర్‌కు వెంటనే ఒప్పుకున్నారు. ఎఫ్‌టీఐఆర్‌కే కొటేషన్లు పిలుస్తున్నాం. సెలవుల్లో తాళం నా దగ్గరే ఉంటుంది, మా ఇల్లు కళాశాలకు రెండు వీధుల అవతల.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎమ్మెస్సీలో ఉంది. పరికరం రాగానే కబురు పెడతానన్నాను. వచ్చేటప్పుడు వాళ్ల నాన్న కురిడీలు ఆడించిన నూనె ఒక సీసా తెమ్మన్నాను.